వేరా ల్యాదొవా: రష్యన్ రంగస్థలంపై తొలి హెలెన్

వేరా అలెగ్జాండ్రొవ్నా ల్యాదొవా (1839–1870) రష్యన్ బ్యాలే నర్తకి, ఒపెరెట్టా గాయని. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది, అక్కడే పెరిగింది, అక్కడే కన్నుమూసింది. బతికింది 31 ఏళ్లు. నర్తకిగా ఆమెకు దక్కిన గుర్తింపు ఓ మోస్తరుది. కానీ 1868లో అలెగ్జాండ్రిన్‌స్కీ థియేటర్‌లో ఆఫెన్‌బాక్ ఒపెరెట్టా ‘అందాల హెలెన్’ రష్యన్ భాషలో ఆడినప్పుడు అందులో హెలెన్ వేషం కట్టింది ఆమే. రష్యాలో ఒపెరెట్టా అనే కళకు జనంలో గిరాకీ వచ్చింది ఆ ప్రదర్శనతోనే.

చాలా పుస్తకాల్లో ఆమె పేరు ఇంకొకరి పేరు పక్కన ఒక ముక్కగా మాత్రమే కనిపిస్తుంది. ‘హంసల సరస్సు’లో తెల్ల హంసల నాట్యాన్ని కూర్చిన లెవ్ ఇవానొవ్ మొదటి భార్య అనో, స్వరకర్త అనతోలీ ల్యాదొవ్‌కు పెదనాన్న, చిన్నాన్నల వరసలో అక్క అనో రాసి వదిలేస్తారు. రెండూ నిజమే. అయితే ఆ ఇద్దరి ప్రస్తావన లేకుండా కూడా నిలబడగల జీవితం ఆమెది.

కుటుంబం

రష్యన్ పేర్లలో మధ్యది తండ్రి పేరు. అలెగ్జాండ్రొవ్నా అంటే అలెగ్జాండర్ కూతురు. ఆ అలెగ్జాండర్ ల్యాదొవ్ పీటర్స్‌బర్గ్ రాజ థియేటర్లలో బ్యాలే వాద్యబృందానికి నిర్వాహకుడు. ఆయన సోదరుడు కన్‌స్తంతీన్ ల్యాదొవ్ ఒపెరా నిర్వాహకుడు. 1856లో దర్గొమీష్‌స్కీ ‘రుసాల్కా’, 1863లో సెరొవ్ ‘జూడిత్’ మొదటిసారి రంగం మీదికి వచ్చినప్పుడు వాద్యబృందం ముందు నిలబడింది కన్‌స్తంతీనే. ఆయన కొడుకే అనతోలీ (1855–1914). ‘బాబా యగా’, ‘మాయాసరస్సు’, ‘కికిమొరా’ అనే చిన్న చిన్న వాద్యకృతులతో అతడు రష్యన్ సంగీతంలో నిలిచిపోయాడు.

ఒక సోదరుడు బ్యాలేకు, ఇంకో సోదరుడు ఒపెరాకు తాళం పట్టిన ఇల్లది. ఈ సంగతి వేరా కథలో ఒట్టి వంశవృక్షపు వివరం కాదు. ఆ కాలపు పీటర్స్‌బర్గ్‌లో పాటకూ ఆటకూ మధ్య ప్రభుత్వమే గోడ కట్టింది. ల్యాదొవ్‌ల ఇంట్లో మాత్రం ఆ గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేశారు.

ఆమె జన్మదినం పాత రష్యన్ పంచాంగం ప్రకారం 1839 మార్చి 15. యూరప్ లెక్కలో మార్చి 27. పందొమ్మిదో శతాబ్దంలో రష్యా తేదీలు మిగతా యూరప్ కంటే 12 రోజులు వెనక నడిచేవి కాబట్టి అప్పటివాళ్ల జీవిత చరిత్రల్లో రెండేసి తేదీలు తప్పవు.

థియేటర్ వీధి

నాట్యం చెయ్యాలన్నా నటించాలన్నా ఆ నగరంలో పిల్లలకు ఒక్కటే దారి, రాజ థియేటర్ల పాఠశాల. అది అలెగ్జాండ్రిన్‌స్కీ థియేటర్ వెనక, థియేటర్ వీధిలో ఉండేది. రెండింటినీ కట్టింది కార్లో రోస్సీ అనే వాస్తుశిల్పే. ఆ వీధి వెడల్పు 22 మీటర్లు, ఇరువైపుల భవనాల ఎత్తు 22 మీటర్లు, వీధి పొడవు దానికి పదింతలు, 220 మీటర్లు. కొలత తప్పకుండా అడుగు వెయ్యాల్సిన పిల్లలకు ఇంతకంటే తగిన వీధి దొరకదు.

పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. తిండి, బట్ట, చదువు అన్నీ ప్రభుత్వానివే. పొద్దున లేచింది మొదలు నాట్య సాధన. దానితోపాటు సంగీతం, కొంత నటన. రంగం మీద చిన్నపిల్లలు కావాల్సి వచ్చినప్పుడల్లా బండ్లెక్కించి థియేటర్‌కు తీసుకెళ్లేవారు. చదువు అయ్యాక ఎవరు దేనికి పనికొస్తారో పైవాళ్లే తేల్చేవారు. కాళ్లు చురుకైనవాళ్లు బ్యాలేకు, గొంతూ మాటా బాగున్నవాళ్లు నాటకానికి. ఆపైన జీతం, హోదా, ఉద్యోగకాలం ముగిశాక పింఛను. కళాకారులంటే ఒక రకంగా ప్రభుత్వోద్యోగులే.

అంటే అక్కడ చదివిన ప్రతి నర్తకికీ పాట, నటన కొంతైనా పరిచయమే. కానీ వాటితో పని పడేది కొద్దిమందికి. వేరా ఆ పాఠశాలలో చదివి, 1850ల చివర బ్యాలే బృందంలో చేరింది.

నాలుగు థియేటర్లు, నాలుగు కొలువులు

ఆమె అడుగుపెట్టిన లోకం ఎలాంటిదో తెలియకపోతే తర్వాత ఆమె చేసిన పని ఎంత పెద్దదో అందదు. పీటర్స్‌బర్గ్‌లో అన్నీ రాజ థియేటర్లే. రాజధానుల్లో ప్రైవేటువాళ్లు థియేటర్ నడపడానికి చట్టం ఒప్పుకునేది కాదు. ఒక్కో కళకు ఒక్కో భవనం. బల్షోయ్ కామెన్నీ, అంటే పెద్ద రాతి థియేటర్, బ్యాలేకూ ఇటాలియన్ ఒపెరాకూ. 1860లో తెరిచిన మారియిన్‌స్కీ రష్యన్ ఒపెరాకు. మిఖైలొవ్‌స్కీ ఫ్రెంచి బృందానికి. అలెగ్జాండ్రిన్‌స్కీ రష్యన్ నాటకానికి. ప్రేక్షకులు కూడా అలాగే విడిపోయారు. దొరలు, దౌత్యాధికారులు ఫ్రెంచి నాటకానికి వెళితే, వ్యాపారులు, గుమాస్తాలు, విద్యార్థులు అలెగ్జాండ్రిన్‌స్కీకి వచ్చేవారు.

ఈ విభజన వల్ల మేలు లేకపోలేదు. రష్యన్ బ్యాలే ఆ తర్వాత ప్రపంచాన్ని ఏలిందంటే దానికి ఈ పాఠశాల, ఈ నిర్దిష్టమైన బృందమే పునాది. అయితే పాడుతూ ఆడే కళాకారిణికి ఈ నాలుగు ఇళ్లలో ఎక్కడా సొంత చోటు లేదు. బ్యాలేలో నోరు విప్పకూడదు. ఒపెరాలో మధ్యలో నాట్యం వస్తే గాయకులు పక్కకు తప్పుకొని బ్యాలేవాళ్లకు చోటిచ్చేవారు.

వేరా బ్యాలేలో ఉన్న ఏళ్లు బల్షోయ్ కామెన్నీకి మంచి కాలం. 1859లో జూల్ పెరో వెళ్లిపోగా ఆర్తుర్ సాంలెయొన్ ప్రధాన బ్యాలే మాస్టర్‌గా వచ్చాడు. 1862లో మారియస్ పెతిపా ‘ఫారో కూతురు’తో పేరు తెచ్చుకున్నాడు. అందులో నాయిక ఇటలీ నుంచి వచ్చిన కరొలీనా రొజాటి. 1864లో సాంలెయొన్ ‘గూని గుర్రం’ రూపొందించాడు. అందులో నాయిక వేరా కంటే ఏడాది పెద్దదైన మార్ఫా మురవ్యొవా. సంగీతం చాలా వరకు చెజారె పున్యి రాసేవాడు. దాన్ని మోగించే బృందం ముందు తాళపు కర్ర పట్టుకున్నది వేరా తండ్రి.

పెద్ద పాత్రలకు విదేశీ తారలుండేవారు. మిగిలిన చోటు కోసం మురవ్యొవా, మారియా పెతిపా లాంటి దేశీయ నాయికలు పోటీపడేవారు. ఆ వరసలో వేరా ముందుకు రాలేకపోయింది. ఆమె సోలో నాట్యాలు చేసే నర్తకి. బృందం కంటే ఒక మెట్టు పైన, నాయిక కంటే చాలా మెట్లు కింద. అందం, పొందిక ఉన్న మనిషి అని చెప్పుకున్నారే గాని బ్యాలే చరిత్ర ఆమె కోసం ఒక పాత్రను పుట్టించలేదు. పెళ్లయి, పిల్లలను కని, ఏటా అవే ప్రదర్శనలు చేస్తూ, పింఛను వచ్చేదాకా అలాగే గడిపేసిన నర్తకులు ఆ బృందంలో ఎందరో. ఆమె కథ కూడా అలాగే ముగియాల్సింది.

లెవ్ ఇవానొవ్

1859లో ఆమె సహ నర్తకుడు లెవ్ ఇవానొవ్‌ను పెళ్లి చేసుకుంది. అందుకే కొన్నిచోట్ల ఆమె పేరు ల్యాదొవా ఇవానొవా అని ఉంటుంది. ఇవానొవ్ 1834లో మాస్కోలో పుట్టాడు. పసితనంలో కొంతకాలం అనాథాశ్రమంలో పెరిగాడు. అతని చెవి అసాధారణమైనది. ఒక్కసారి విన్న బ్యాలే సంగీతాన్ని ఇంటికొచ్చి పియానో మీద పలికించగలడు. రాసుకోవడం మాత్రం రాదు. స్వభావం మెతక. ముందుకు తోసుకుపోయే గుణం అసలు లేదు.

ఇద్దరూ ఒకే పాఠశాల పిల్లలు, ఒకే బృందం, ఒకే జీతాల పుస్తకం. పిల్లలు పుట్టారు. చివరికి విడిపోయారు. ఎందుకు విడిపోయారన్నది వాళ్లిద్దరి సొంత విషయం. బయటికి కనిపించేది ఒకటుంది. 1860ల చివరికి భార్య పేరు నగరమంతా మారుమోగింది, భర్త మాత్రం ఇంకా బ్యాలేలో తనకంటూ ఒక పేరు వెతుక్కుంటున్నాడు. అతడు రెండో బ్యాలే మాస్టర్ అయ్యేది 1885లో. ‘నట్‌క్రాకర్’ 1892లో. అవేవీ చూడటానికి వేరా బతికి లేదు.

పారిస్ నుంచి వచ్చిన సరుకు

ఒపెరెట్టా అంటే చిన్న ఒపెరా అనే పేరు. నిజానికి అది వేరే జాతి. అందులో పాట ఉంటుంది, పాటల మధ్య మాటలుంటాయి, హాస్యం ఉంటుంది, తప్పనిసరిగా ఆట ఉంటుంది. జర్మనీలోని కొలోన్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన జాక్ ఆఫెన్‌బాక్ (1819–1880) దీనికి రూపం ఇచ్చాడు. 1855లో బూఫ్ పరిజియాఁ అనే చిన్న థియేటర్ తెరిచాడు. 1858లో ‘పాతాళంలో ఆర్ఫియస్’తో పారిస్‌ను ఊపేశాడు. దేవతల చేత కాన్‌కాన్ ఆడించిన కృతి అది.

‘అందాల హెలెన్’ 1864 డిసెంబరు 17న పారిస్‌లోని వరియెతే థియేటర్‌లో మొదలైంది. కథనం మెయ్యాక్, అలెవీ అనే జంట రచయితలది. ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్ కథనే తీసుకుని, అందులోని రాజులను అప్పటి పారిస్ పెద్దమనుషుల్లా నడిపించారు. స్పార్టా రాజు మెనలాస్ భార్య హెలెన్‌కు కాపురం విసుగెత్తింది. ప్రపంచ సుందరిని నీకు ఇప్పిస్తానని వీనస్ దేవత మాట ఇచ్చిన ట్రాయ్ యువరాజు పారిస్ గొర్రెలకాపరి వేషంలో వస్తాడు. రాజులకు పొడుపుకథల పోటీ పెడితే ఆ కాపరే గెలుస్తాడు. రెండో అంకంలో హెలెన్ అతడిని చూసి ఇదంతా కల అనుకుంటుంది, లేదా కల అనుకోవాలని నిశ్చయించుకుంటుంది. ఇద్దరూ కలిసి పాడుతుండగా మొగుడు చెప్పాపెట్టకుండా దిగుతాడు. చివరికి పారిస్ వీనస్ పూజారి వేషం వేసుకొచ్చి, అందరి కళ్లముందే ఆమెను ఓడ ఎక్కించుకుపోతాడు. తన తప్పు ఏమీ లేదు, అంతా విధి అన్నది హెలెన్ పల్లవి.

పారిస్‌లో హెలెన్ ఒర్తాన్స్ ష్నైదెర్. పీటర్స్‌బర్గ్‌కు ఈ కృతి ముందుగా ఫ్రెంచిలోనే వచ్చింది. మిఖైలొవ్‌స్కీ థియేటర్‌లో దెవెరియా అనే ఫ్రెంచి నటి ఆడింది. దొరలు ఎగబడ్డారు. ఆమె ధోరణి బాహాటమైనది, రెచ్చగొట్టేది. వ్యంగ్య రచయిత సల్తికొవ్ ష్చెద్రిన్ ఆ మోజును పదే పదే ఏకిపారేశాడు. అప్పటికి హెలెన్ అంటే ఫ్రెంచి బోగం వినోదమనే పేరు స్థిరపడిపోయింది.

1868 అక్టోబరు

అలాంటి కృతిని రష్యన్ నాటకశాలలో, రష్యన్ భాషలో, రష్యన్ నటులతో ఆడించాలన్నది అలెగ్జాండ్రిన్‌స్కీ దర్శకుడు అలెగ్జాండర్ యబ్లొచ్కిన్ పట్టుదల. నాటక రచయిత విక్తర్ క్రిలొవ్ దాన్ని రష్యన్‌లోకి తెచ్చాడు. హెలెన్‌గా వేరా ల్యాదొవాను ఎంచుకున్నారు.

ఆ ఎంపికలో ఉన్న తెలివి ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తుంది. అలెగ్జాండ్రిన్‌స్కీలో నటీమణులకు కొదవ లేదు. వాళ్లు మాట బాగా పలుకుతారు. పాట అంతంతమాత్రం. ఆట తెలియదు. మారియిన్‌స్కీలో గాయనులున్నారు. వాళ్లకు గొంతుంది, కానీ రంగం మీద కదలమంటే కష్టం, మామూలు మాట పలకమంటే ఇంకా కష్టం. రెంటికీ మధ్యన పడే మనిషి కావాలి. వేరా అప్పటికే బ్యాలే వదిలి నాటకరంగం వైపు వచ్చేసింది. చిన్న చిన్న సంగీత హాస్య నాటికల్లో ఆడుతోంది. ఆమె గొంతు ఒపెరా గొంతు కాదు. కానీ పుట్టినప్పటి నుంచి సంగీతకారుల ఇంట్లో విన్న చెవి, ఏళ్ల తరబడి బల్షోయ్ కామెన్నీలో అరిగిన పాదం, రెండూ ఆమె దగ్గరున్నాయి.

ఆమె హెలెన్‌ను చూసినవాళ్లు ముందుగా మెచ్చుకున్నది మర్యాదను. కథ వ్యభిచారం గురించి. పాటల్లో ద్వంద్వార్థాలు. దెవెరియా వాటిని ఎత్తి చూపింది. ల్యాదొవా ఎక్కడా గీత దాటలేదు. ఆమె హెలెన్‌లో వెక్కిరింత కంటే ఆడతనం, కొంటెతనం, కొంచెం దిగులు ఎక్కువ. విధి నన్ను లాక్కుపోతోంది అన్నప్పుడు జనం నవ్వారు, నమ్మారు కూడా.

ఇందులో నాట్య శిక్షణ పాలు చాలా ఉందని నా అభిప్రాయం. మాటలు లేని కళ నుంచి వచ్చిన మనిషికి ఒక సంగతి బాగా తెలుసు. మెడ ఒక వైపు కొద్దిగా తిప్పితే చాలు, సగం వాక్యం అక్కర్లేదు. చేయి ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లకు అసభ్యత అవసరం రాదు. ఆఫెన్‌బాక్ సంగీతం మొత్తం అడుగుల మీదే నడుస్తుంది. అందులో వాల్ట్జ్ ఉంది, మార్చ్ ఉంది, గాలప్ ఉంది. దాన్ని నిలబడి పాడితే సగం చచ్చిపోతుంది. నడుస్తూ, ఆగుతూ, తిరుగుతూ పాడినప్పుడే హాస్యం పుడుతుంది. అలా పాడాలంటే ఊపిరి ఎక్కడ దాచుకోవాలో ఒంటికి తెలియాలి. ఊపిరి ఆడకపోయినా ముఖంలో కష్టం కనిపించకుండా నవ్వడం బ్యాలే నేర్పే మొదటి పాఠం.

పారిస్ పాత్రలోనూ, తర్వాతి ఇతర ఒపెరెట్టాల్లోనూ నికొలాయ్ సజోనొవ్ అనే నటుడు పేరు తెచ్చుకున్నాడు. అలెగ్జాండ్రిన్‌స్కీ టికెట్ల కిటికీ దగ్గర జనం బారులు తీరారు. నాటకాలు చూసే వ్యాపారి కుటుంబాలే కాదు, ఫ్రెంచి థియేటర్ తప్ప మరోటి ఎరగని దొరలు కూడా మొదటిసారి ఈ రష్యన్ నాటకశాల మెట్లెక్కారు. ల్యాదొవా వేషం చూసి ఇతర నగరాల నటీమణులు హెలెన్‌ను తమ సొంతం చేసుకోవాలని తహతహలాడారు. ఒక్క సీజన్‌లో ఒక కొత్త కళకు రష్యన్ ఇంటిపేరు దొరికింది.

ముగిసిన జీవితం

ఆ కీర్తి నిండా ఒకటిన్నర ఏడాది కూడా నిలవలేదు. 1870 మార్చి 24న (కొత్త లెక్కలో ఏప్రిల్ 5) వేరా ల్యాదొవా చనిపోయింది. 31 ఏళ్లు నిండి తొమ్మిది రోజులు. మరుసటి ఏడు, 1871లో, కన్‌స్తంతీన్ ల్యాదొవ్ కూడా పోయాడు. రెండు తరాలుగా నగరపు రంగస్థలాన్ని మోగించిన ఇంటిలో మిగిలిన పెద్ద పేరు పదిహేను, పదహారేళ్ల అనతోలీదే.

ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లో వచ్చింది. అందుకే ల్యాదొవా గొంతు ఎలా ఉండేదో వినే భాగ్యం ఎవరికీ లేదు. ఆమె నాట్యం కూడా అంతే. పాటకు కనీసం స్వరాల పుస్తకం ఉంటుంది. ఆఫెన్‌బాక్ హెలెన్‌కు రాసిన స్వరం ఈ రోజుకీ అలాగే ఉంది, ఎవరైనా పాడొచ్చు. ఆ స్వరాన్ని ఆమె ఏ అడుగు మీద అందుకుందో మాత్రం ఆమెతోనే పోయింది.

ఒపెరెట్టా మీద కోపం

ఆమె తెచ్చిన గెలుపును అందరూ సంతోషంగా చూడలేదు. అలెగ్జాండ్రిన్‌స్కీ రష్యన్ నాటకానికి ఇల్లు. గోగొల్, ఒస్త్రొవ్‌స్కీ నాటకాలు ఆడాల్సిన రంగం మీద గ్రీకు రాజులు చిందులు తొక్కడం మొదలయ్యాక, మంచి నాటకాలు వెనక్కిపోయాయన్న బాధ రచయితల్లో రగిలింది. వాళ్లలో ముందున్నది అలెగ్జాండర్ ఒస్త్రొవ్‌స్కీయే. ఒపెరెట్టా ప్రేక్షకుల అభిరుచిని పాడుచేస్తోందని, నటుల శిక్షణను చెడగొడుతోందని ఆయన ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నాడు.

ఆయన బాధలో న్యాయం ఉంది. ఒకే థియేటర్ ఉన్నచోట కొత్త కళ వస్తే పాత కళ నష్టపోక తప్పదు. కానీ తప్పు ఒపెరెట్టాది కాదు. ప్రైవేటు థియేటర్లు ఉండకూడదన్న చట్టానిది. ఒపెరెట్టాకు సొంత ఇల్లుంటే అది నాటకం ఇంట్లో అద్దెకు దిగేది కాదు. ఇది ఒస్త్రొవ్‌స్కీకి కూడా తెలుసు. ప్రైవేటు థియేటర్లు కావాలని గట్టిగా అడిగినవాళ్లలో ఆయనా ఒకడు. 1882లో ఆ గుత్తాధిపత్యం రద్దయింది.

ఈలోగా అలెగ్జాండ్రిన్‌స్కీలో ఒక తరం నటులు ఒపెరెట్టా గుండా నడిచారు. ఆ తర్వాత రష్యన్ హాస్యనటనకు తలమానికమైన కన్‌స్తంతీన్ వర్లామొవ్ కూడా మొదట్లో ఒపెరెట్టా పాత్రలు ఆడినవాడే. ఒపెరెట్టా నటుల్ని చెడగొట్టిందన్న వాదానికి వర్లామొవ్ జీవితమే జవాబు.

ఊరూరా హెలెన్

పీటర్స్‌బర్గ్‌లో ల్యాదొవా వేసిన బాట రష్యా నలుమూలలకూ పాకింది. దక్షిణాన అజొవ్ సముద్రపు ఒడ్డున తగన్‌రోగ్ అనే రేవు పట్టణం ఉంది. 1873లో ఆ పట్టణ థియేటర్‌లో పదమూడేళ్ల బడిపిల్లవాడొకడు జీవితంలో మొదటిసారి నాటకం చూశాడు. ఆ నాటకం ‘అందాల హెలెన్’. ఆ పిల్లవాడు అంతోన్ చెహొవ్. ‘చెర్రీ తోట’ రాయబోయే మనిషికి థియేటర్ మొదట పరిచయమైంది ఆఫెన్‌బాక్ గాలప్‌లతో అన్న సంగతి చదివిన ప్రతిసారీ నాకు సంతోషం వేస్తుంది. ఒపెరెట్టా అభిరుచిని చంపేస్తుందని భయపడ్డవాళ్లకు ఇది తెలిస్తే బాగుండేది.

మాస్కోలో మిఖయిల్ లెంతొవ్‌స్కీ 1878 నుంచి ఎర్మితాజ్ ఉద్యానవనంలో ఒపెరెట్టాను దీపాల పండుగలా నడిపాడు. ఆ తోటకు మురిసిపోయిన యువకుల్లో స్తనిస్లావ్‌స్కీ ఉన్నాడు. అతడు తన ఇంటి బృందంతో 1887లో ‘మికాడో’ ఆడించాడు. ఆ తర్వాత మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపించి ప్రపంచ నటనా పద్ధతినే మార్చిన మనిషి అతడే. 1913లో కొతె మర్జానిష్విలీ, రష్యన్లు పిలిచే పేరు మర్జానొవ్, మాస్కోలో స్వేచ్ఛా థియేటర్ పెట్టి, ‘అందాల హెలెన్’ మూడంకాలను మూడు యుగాల్లో జరిపించాడు. మొదటిది పాత గ్రీసులో, రెండోది పద్నాలుగో లూయీ ఆస్థానంలో, మూడోది సమకాలీన రష్యాలోని కిస్లొవొద్‌స్క్ స్నానాల ఊరిలో.

వేరా విడిచివెళ్లిన బ్యాలే కూడా ఆగలేదు. లెవ్ ఇవానొవ్ మరో నర్తకిని పెళ్లి చేసుకున్నాడు. 1890లో బొరొదిన్ ఒపెరా ‘ప్రిన్స్ ఇగోర్’కు పొలొవ్‌త్సుల నాట్యాలు కూర్చాడు. 1892లో ‘నట్‌క్రాకర్’లో మంచుపూసల వాల్ట్జ్. 1894లో చైకొవ్‌స్కీ స్మారక ప్రదర్శన కోసం ‘హంసల సరస్సు’ రెండో అంకం. మరుసటి ఏడు మొత్తం బ్యాలే వచ్చినప్పుడు సరస్సు ఒడ్డు దృశ్యాలు ఆయనవి, రాజభవన దృశ్యాలు పెతిపావి. సంగీతం లోపలి నుంచి అడుగు పుట్టించడం ఆ దృశ్యాల గొప్ప. ఇవానొవ్ 1901 డిసెంబరులో చనిపోయాడు. చివరి రోజుల్లో చేతిలో డబ్బు లేక సాయం కోసం అర్జీలు పెట్టుకున్నాడు.

అదే రంగం మీద

విప్లవం తర్వాత ఒపెరెట్టాకు రష్యాలో సొంత ఇళ్లు దొరికాయి. మాస్కోలో 1927లో, అప్పటికి లెనిన్‌గ్రాద్‌గా పేరు మారిన పీటర్స్‌బర్గ్‌లో 1929లో ప్రభుత్వ థియేటర్లు వెలిశాయి. ఒకప్పుడు చోటు లేని పాడే నర్తకికి ఇప్పుడు పాఠ్యప్రణాళిక ఏర్పడింది. పాట, మాట, ఆట మూడూ ఒకే విద్యార్థికి నేర్పే విభాగాలు నాటక విద్యాలయాల్లో మొదలయ్యాయి. అలా తయారైన తత్యానా ష్మిగా 1978లో సోవియట్ యూనియన్ ప్రజా కళాకారిణి బిరుదు అందుకుంది. ఒపెరెట్టా కళాకారుల్లో ఆ బిరుదు పొందిన ఏకైక మహిళ ఆమె.

లెనిన్‌గ్రాద్ మ్యూజికల్ కామెడీ థియేటర్ కథ వేరేది. 1941 సెప్టెంబరులో జర్మన్ సైన్యం నగరాన్ని చుట్టుముట్టింది. పెద్ద థియేటర్లను ముందే తూర్పు ప్రాంతాలకు తరలించారు. నాటక బృందం నోవొసిబిర్‌స్క్ వెళ్లిపోవడంతో అలెగ్జాండ్రిన్‌స్కీ ఖాళీ అయింది. ఒపెరెట్టావాళ్లు మాత్రం నగరంలోనే ఉండిపోయారు. బాంబుల వల్ల వాళ్ల భవనం పనికిరాకుండా పోతే, 1941 డిసెంబరులో వాళ్లకు అలెగ్జాండ్రిన్‌స్కీ ఇచ్చారు.

ఆ చలికాలం రొట్టె రేషన్ ఉద్యోగులకు రోజుకు 125 గ్రాములకు పడిపోయింది. థియేటర్‌లో వెచ్చదనం లేదు. జనం కోట్లు విప్పకుండా కూర్చునేవారు. రంగం మీద భుజాలు కనిపించే పల్చటి గౌన్లలో గాయనులు వణుకు కనబడకుండా నవ్వుతూ ఆడారు. కొందరు కళాకారులు ఆకలితో చనిపోయారు. సైరన్ మోగితే ఆట ఆపి జనాన్ని నేలమాళిగకు పంపేవారు, మోత ఆగాక ఆపినచోటి నుంచి మళ్లీ అందుకునేవారు. 1942 నవంబరు 7న బాల్టిక్ నావికుల మీద అల్లిన కొత్త సంగీత హాస్య నాటకాన్ని వాళ్లు తొలిసారి ఆడింది అక్కడే. అది 1868లో వేరా ల్యాదొవా హెలెన్‌గా నిలబడి పాడిన రంగమే.